మూలం అనే గడి: సినిమా వెనక నవలని, నవల వెనక మనవాళ్లని వెతకడం



యూనివర్సిటీ హాస్టళ్ల నుంచి తరచూ వచ్చే ప్రశ్న ఒకటి ఉంది. "అన్నా, దళిత జీవితం మీద వచ్చిన నవలల్లో ఏవేవి సినిమాలయ్యాయి? లిస్టు ఉంటే పంపు." లిస్టు పంపడం పెద్ద పని కాదు. కానీ లిస్టు పంపితే మీరు నా మీద ఆధారపడతారు. వెతకడం నేర్చుకుంటే నాకు తెలియనివి కూడా మీరే బయటికి తీస్తారు. అందుకే ఈ భాగంలో లిస్టు కంటే దారి ఎక్కువ చెప్తాను. దారిలో కొన్ని సినిమాల చరిత్ర కూడా వస్తుంది.

ముందు ఒక మాట. సినిమా డేటాబేసుల్లో ప్రతి సినిమాకీ దర్శకుడు, నిర్మాత, నటులు, సంగీతం అని గడులుంటాయి. వాటిలోనే "మూలం" లేదా "ఆధారం" అనే గడి ఒకటి ఉంటుంది. చూడటానికి చిన్నది. కానీ కథ ఎవరిది, ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోయింది, దారిలో ఎవరి పేరు రాలిపోయింది అన్నది చెప్పేది ఆ గడే. భూమి విషయంలో మనం పాస్‌బుక్కులు, అడంగల్ తీసి చూస్తాం కదా. కథల విషయంలో ఆ గడి అలాంటి కాగితం. కాగితం మీద పేరు లేకపోతే ఏమవుతుందో మన తాతలకి బాగా తెలుసు.

1. ఈ డేటాబేసులు ఎవరివి, ఎలా పనిచేస్తాయి

అందరికీ తెలిసింది ఐఎండిబి. 1990లో కొందరు సినిమా పిచ్చివాళ్లు ఇంటర్నెట్ చర్చావేదికల్లో రాసుకున్న జాబితాలుగా మొదలై, 1998లో అమెజాన్ చేతికి వెళ్లింది. ఇందులో సమాచారం చాలావరకు వాడేవాళ్లు ఎక్కించేదే. రచయితల విభాగంలో ఒక్కో పేరు పక్కన బ్రాకెట్లో నవల, కథ, మాటలు అని ఉంటుంది. మీరు చూడాల్సింది ఆ బ్రాకెట్. "బేస్డ్ ఆన్ నావెల్" లాంటి కీవర్డుతో కూడా జల్లెడ పట్టొచ్చు. ఇంగ్లిషు సినిమాలకి ఈ జల్లెడ బాగానే పనిచేస్తుంది. మన భాషల పాత సినిమాలకి చాలాచోట్ల ఆ కీవర్డు తగిలించినవాళ్లే ఉండరు.

రెండోది వికీడేటా. 2012లో మొదలైంది. దీన్ని మన పిల్లలు తప్పక నేర్చుకోవాలి. ఇక్కడ ప్రతి వస్తువుకీ ఒక నంబరు ఉంటుంది. సినిమా అనే భావానికి క్యూ11424. తెలుగు భాషకి క్యూ8097. ఒక వస్తువుని ఇంకో వస్తువుతో కలిపే సంబంధాలకీ నంబర్లున్నాయి. "దీని ఆధారంగా తీసింది" అనే సంబంధం పి144. సినిమా మూల భాష పి364. ఈ నంబర్లతో ప్రశ్న వేయొచ్చు: మూల భాష తెలుగు అయిన సినిమాల్లో, పి144 నిండి ఉన్నవన్నీ చూపించు అని. నిమిషంలో పట్టిక వస్తుంది. క్వెరీ రాయడం రాకపోయినా భయపడక్కర్లేదు, నమూనా క్వెరీలు అక్కడే ఉంటాయి, నంబరు మార్చుకుంటే చాలు. ఇంకో సులువు కూడా ఉంది. నవల పేజీకి వెళ్లి "ఇక్కడికి లింకున్న పేజీలు" నొక్కితే ఆ నవలని చూపిస్తున్న సినిమాలు బయటపడతాయి.

మూడోది ఇండియన్‌సినే.మా. దీని వెనక ఆశిష్ రాజాధ్యక్ష, పాల్ విల్లెమెన్ కలిసి తయారుచేసిన భారతీయ సినిమా విజ్ఞాన సర్వస్వం ఉంది. పాత సినిమాలకి ఇక్కడ చేసినంత శ్రద్ధ మిగతాచోట్ల తక్కువ. నాలుగోది వికీపీడియా, తెలుగుదీ ఇంగ్లిషుదీ రెండూ. నవలల ఆధారంగా తీసిన సినిమాల వర్గాలు పేజీ అడుగున ఉంటాయి.

ఈ నాలుగింటినీ కలిపి చూడాలి. ఏ ఒక్కదాన్నీ నమ్మి ఆగిపోవద్దు. ఎందుకో కింద ఒక్కొక్కటిగా చెప్తాను.

2. పేరు ఒకటే, కథ వేరే

మొదటి గుంట పేర్లది.

బుచ్చిబాబు నవల "చివరకు మిగిలేది" మీరంతా చదివుంటారు. అదే పేరుతో 1960లో సావిత్రి నటించిన తెలుగు సినిమా ఉంది. పేరు చూసి నవలకి సినిమా అనుకుంటే బోల్తా పడినట్టే. ఆ సినిమా బెంగాలీ "దీప్ జ్వేలే జాయ్" (1959)కి రీమేక్. దాని మూలం అశుతోష్ ముఖర్జీ రాసిన ఒక కథ. బుచ్చిబాబు నవలకీ దానికీ పేరు తప్ప సంబంధం లేదు.

దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా ఉంది. డాక్టర్ పి. శ్రీదేవి నవల "కాలాతీత వ్యక్తులు" పేరుతో సినిమా కోసం వెతికితే ఏమీ దొరకదు. ఎందుకంటే అది 1963లో "చదువుకున్న అమ్మాయిలు" అయింది. పేరుతో వెతికితే దొరకదు, రచయిత పేరుతో వెతికితే దొరుకుతుంది.

ఇప్పుడు మన చరిత్రకి వద్దాం. 1968 డిసెంబర్ 25 రాత్రి తంజావూరు ప్రాంతంలోని కీళవెణ్మణిలో 44 మంది దళిత కూలీలని, ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ఒక గుడిసెలో పెట్టి తగలబెట్టారు. వాళ్లు చేసిన నేరం కూలి పెంచమనడం, ఎర్రజెండా వదలం అనడం. హైకోర్టు భూస్వాములని నిర్దోషులని వదిలేసింది. ఈ ఘటన మీద ఇందిరా పార్థసారథి 1975లో "కురుదిప్పునల్" అనే నవల రాశారు. దానికి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

ఇప్పుడు ఏదైనా సినిమా డేటాబేసులో "కురుదిప్పునల్" అని కొట్టి చూడండి. ముందు వచ్చేది కమల్ హాసన్ పోలీసు అధికారిగా చేసిన 1995 సినిమా. అది గోవింద్ నిహలానీ "ద్రోహ్‌కాల్"కి రీమేక్. కీళవెణ్మణితో దానికి ఏ సంబంధమూ లేదు. నవలనుంచి వచ్చిన అసలు సినిమా పేరు "కణ్ సివందాల్ మణ్ సివక్కుం". 1983లో శ్రీధర్ రాజన్ తీశారు, తొలి చిత్ర దర్శకుడికి ఇచ్చే జాతీయ అవార్డు దానికి వచ్చింది. పేరు తెలియని విద్యార్థి 44 మంది కోసం వెతికి కమల్ హాసన్ దగ్గర ఆగిపోతాడు. ఎవరూ కుట్ర చేయలేదు. అయినా జరిగేది అదే. పెద్ద పేరు, పెద్ద స్టారు ఉన్నచోటికే సెర్చ్ బాక్సు మనల్ని తీసుకుపోతుంది.

తెలుగులో ఇలాంటి తికమక ఒకటి చాలామంది పడతారు. ఉన్నవ లక్ష్మీనారాయణ నవల "మాలపల్లి" (1922). గూడవల్లి రామబ్రహ్మం సినిమా "మాలపిల్ల" (1938). ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తే రెండు అక్షరాలే తేడా. దానికీ దీనికీ మూల సంబంధం లేదు. "మాలపిల్ల"కి కథ చలానిది. కాబట్టి మొదటి సూత్రం: సినిమా పేరుతో కాదు, రచయిత పేరుతో వెతకండి.

3. రీమేక్ మెట్ల కింద పూమణి

2021 జులైలో "నారప్ప" ఓటీటీలో వచ్చింది. మీలో చాలామంది వాడలో, హాస్టల్లో ఫోన్లో కలిసి చూశారు. వెంకటేష్, అనంతపురం నేల, భూమి గొడవ, కొడుకుని కాపాడుకునే తండ్రి. అది తమిళ "అసురన్" (2019)కి రీమేక్ అని అందరికీ తెలుసు. వెట్రిమారన్ దర్శకత్వం, ధనుష్‌కి జాతీయ ఉత్తమ నటుడి అవార్డు, ఇదంతా తెలుసు.

"అసురన్"కి మూలం పూమణి నవల "వెక్కై" అని ఎంతమందికి తెలుసు?

పూమణి కోవిల్‌పట్టి దగ్గరి నల్లరేగడి నేల మనిషి. "వెక్కై" 1982లో వచ్చింది. తర్వాత "అజ్ఞాడి" నవలకి 2014లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నాడు. "వెక్కై"లో చిదంబరం అనే పదిహేనేళ్ల పిల్లాడు తన అన్నని చంపించిన భూస్వామిని చంపి, తండ్రితో కలిసి అడవుల్లో, కొండల్లో దాక్కుంటూ తిరుగుతాడు. చివరికి కోర్టులో లొంగిపోడానికి బయల్దేరతారు. నవలంతా ఆ కొన్ని రోజుల పరుగే. తిండి వెతుక్కోవడం, నీళ్లు వెతుక్కోవడం, మనసులో ఊరు తిరగడం. ఆ పిల్లాడి కళ్లతోనే మనం చూస్తాం.

సినిమాలో కథ తండ్రి చేతికొచ్చింది. అతని యవ్వనం ఒక పెద్ద ఫ్లాష్‌బ్యాక్ అయింది. అందులో చెప్పులేసుకున్నందుకు ఒక అమ్మాయిని అవమానించడం ఉంది, పంచమి భూముల పోరాటం ఉంది, గుడిసెలు తగలబెట్టడం ఉంది. పంచమి భూములంటే చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ నివేదిక తర్వాత 1892 నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలో అంటరాని కులాలకి కేటాయించిన భూములు. వేరేవాళ్లకి అమ్మే వీల్లేకుండా ఇచ్చినా తర్వాత పెద్ద కులాల చేతుల్లోకి పోయినవి. ఈ చరిత్రని దర్శకుడు నవల బయటనుంచి తెచ్చి కలిపాడు. అది మంచి పనే. కానీ ఏది పూమణిది, ఏది వెట్రిమారన్‌ది అని తెలియాలంటే నవల చదవాలి. నవల చదవాలంటే నవల ఉందని ముందు తెలియాలి.

ఇక్కడే గడి సంగతి వస్తుంది. రీమేక్ సినిమాకి మూలం రాసేటప్పుడు జనం సాధారణంగా ముందున్న సినిమా దగ్గరే ఆగిపోతారు. "నారప్పకి మూలం అసురన్" అని రాస్తే అబద్ధం కాదు. కానీ పూమణి ఒక మెట్టు కింద ఉండిపోయాడు. రేపు ఇంకెవరో "నారప్ప"ని ఇంకో భాషలో తీస్తే ఆయన రెండు మెట్లు కిందికి పోతాడు. మెట్లు పెరిగేకొద్దీ రచయిత కనపడడు. నవల ఎవరిదని అడగని సమాజంలో రచయితకి జరిగేది ఇదే.

కాబట్టి రెండో సూత్రం: రీమేక్ అని కనపడితే ఆగొద్దు. మెట్టు మెట్టుగా దిగి, కాగితం మీద మొదట రాసిన చెయ్యి ఎవరిదో చూసేదాకా వెళ్లండి.

4. ఒక రచయిత, నాలుగు పేర్లు

మనవాళ్ల నవలలు సినిమాలు కాలేదనే మాట తరచూ వింటుంటాం. మహారాష్ట్ర వైపు చూస్తే ఆ మాట నిలవదు.

అన్నాభావు సాఠే. 1920లో సాంగ్లీ ప్రాంతంలోని వాటేగావ్‌లో మాతంగ్ కులంలో పుట్టాడు. మన మాదిగలకి దగ్గరి కులం. బడికి వెళ్లింది ఒకటిన్నర రోజు. బతుకుతెరువు కోసం బొంబాయి చేరి, మిల్లుల్లో పనిచేసి, ఎర్రజెండా కింద శాహీరుగా పాడి, 30కి పైగా నవలలు రాశాడు. 1958లో బొంబాయిలో జరిగిన తొలి దళిత సాహిత్య సమ్మేళనాన్ని ప్రారంభించింది ఆయనే. 1959లో వచ్చిన "ఫకీరా" నవలని డాక్టర్ అంబేడ్కర్‌కి అంకితమిచ్చాడు. బ్రిటిషు ప్రభుత్వం నేరస్త జాతి అని ముద్ర వేసిన మాంగుల్లో పుట్టిన ఫకీరా, కరువులో తన వాళ్లు చచ్చిపోతుంటే ధాన్యం కొల్లగొట్టి పంచిపెట్టిన కథ అది.

ఆయన నవలలు మరాఠీలో వరసగా సినిమాలయ్యాయి. "వైజయంతా" 1961లో గజానన్ జాగీర్‌దార్ దర్శకత్వంలో, "ఫకీరా" 1963లో, ఇంకా మరికొన్ని. అంటే 1960ల్లోనే, దళిత పాంథర్లు పుట్టకముందే, ఒక దళితుడి నవలలు థియేటర్లలో ఆడాయి. ఆయన మాత్రం ఘాట్కోపర్ చిరాగ్‌నగర్ మురికివాడలోనే ఏళ్ల తరబడి బతికాడు. 1969లో పేదరికంలోనే చనిపోయాడు. అప్పటికి 50 ఏళ్లు కూడా నిండలేదు.

ఈయన్ని డేటాబేసులో వెతకాలంటే కష్టం ఎక్కడొస్తుందో చూడండి. అసలు పేరు తుకారాం భావురావు సాఠే. రాసుకున్న పేరు అన్నాభావు. ఇంగ్లిషులో కొందరు కలిపి రాస్తారు, కొందరు విడదీసి రాస్తారు. ఇంటిపేరు చివర అక్షరం ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా రాస్తారు. యంత్రానికి ఇవన్నీ వేరు వేరు మనుషులు. ఒక పేరు కింద ఒక సినిమా, ఇంకో పేరు కింద ఇంకోటి చేరితే ఒక పెద్ద రచయిత ముక్కలు ముక్కలై ముగ్గురు చిన్న రచయితలుగా కనపడతాడు.

ఇంగ్లిషు చదువుల కుటుంబాలనుంచి వచ్చిన రచయితలకి ఈ ఇబ్బంది తక్కువ. వాళ్ల పేరు మొదటినుంచీ ఒకే స్పెల్లింగులో అచ్చయింది. మనవాళ్ల పేర్లు బడి రిజిస్టరులో ఒకలా, రేషన్ కార్డులో ఒకలా, పుస్తకం అట్ట మీద ఒకలా ఉంటాయి. మూడో సూత్రం అందుకే: ఒక రచయితకి ఎన్ని స్పెల్లింగులు ఉండొచ్చో అన్నీ రాసుకుని, సొంత లిపిలో కూడా, ఒక్కొక్కటీ కొట్టి చూడండి. దొరికిన ముక్కలని కలపండి.

5. నవల అనే మాటకి అతుక్కుపోవద్దు

నవలల ఆధారంగా వచ్చినవే కావాలి అని గీత గీసుకుంటే ముఖ్యమైనవి తప్పిపోతాయి.

"మాలపిల్ల" సంగతి పైన అనుకున్నాం. బ్రాహ్మణ యువకుడు, మాల అమ్మాయి ప్రేమ. గుడి ప్రవేశం. కాంచనమాల కథానాయిక. చలం కథ, తాపీ ధర్మారావు మాటలు. తెలుగు సినిమాలో అంటరానితనం మీద ఇంత బాహాటంగా మాట్లాడిన తొలినాళ్ల సినిమా అది. ఇది నవలల జల్లెడలో పడదు. ఈ సినిమా తీసిన సారథీ సంస్థ వెనక ఉన్నది చల్లపల్లి జమీందారు. మాలపిల్ల కథకి డబ్బు పెట్టింది జమీందారీ సొమ్ము. మూలం గడి పక్కన నిర్మాత గడి కూడా చూడాలని నేను పోరేది ఇందుకే.

రెండో ఉదాహరణ "ఒక ఊరి కథ" (1977). మృణాల్ సేన్ తెలుగులో తీశారు, తెలంగాణ నేల మీద. మూలం ప్రేమ్‌చంద్ హిందీ కథ "కఫన్". అందులో ఘీసూ, మాధవ్ చమార్లు. ఇంట్లో కోడలు పురిటి నొప్పులతో చనిపోతుంటే బయట కాల్చిన దుంపలు తింటూ కూర్చున్న తండ్రీకొడుకులు, తర్వాత శవం మీద గుడ్డ కోసం ఊళ్లో అడుక్కొచ్చిన డబ్బుతో తాగేస్తారు. ఈ కథ దళితులని సోమరులుగా, మానవత్వం లేనివాళ్లుగా చూపించిందని హిందీ దళిత రచయితలు గట్టిగా తప్పుపట్టారు. కష్టపడినవాడికీ పస్తే మిగిలే వ్యవస్థలో పనికి సహాయ నిరాకరణ అది అని సమర్థించినవాళ్లూ ఉన్నారు. సినిమా చూసేముందు ఈ వాదం తెలిసి ఉంటే మీ చూపు మారుతుంది. వాదం తెలియాలంటే మూలం "కఫన్" అని తెలియాలి.

మూడోది "మా భూమి" (1979). బి. నర్సింగరావు నిర్మాత, గౌతమ్ ఘోష్ దర్శకుడు. తెలంగాణ సాయుధ పోరాటం మీద తెలుగు సినిమా. మూలం మాత్రం కిషన్ చందర్ ఉర్దూ నవల "జబ్ ఖేత్ జాగే". తెలుగు నవలల్లో వెతికితే ఇది దొరకదు. ఇందులోనే గద్దర్ తెరమీద కనపడి పాడాడు. ఆ పాట కట్టింది బండి యాదగిరి. నవలకి మూలం గడి ఉంది. పోరాటంలోంచి పుట్టిన పాటకి డేటాబేసులో అలాంటి గడి లేదు. మన సాహిత్యంలో సగం పాటలోనే ఉంది కాబట్టి ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

6. దొరికాక ఏం చూడాలి

వెతికి పట్టుకోవడం సగం పని. మిగతా సగం చదవడం, చూడడం, పక్కపక్కన పెట్టడం. దీనికి నేను చెప్పే మంచి జంట కన్నడలో ఉంది.

శివరామ కారంత్ 1933లో "చోమన దుడి" రాశారు. చోమ అంటరాని కులం వెట్టిమనిషి. ఆయన కోరిక ఒక్కటే: సొంతంగా ఒక చెక్క భూమి దున్నుకోవాలి. ఎడ్లు ఉన్నాయి. భూమి లేదు, ఆ కులానికి ఇవ్వరు. అప్పు తీర్చడానికి బిడ్డలు కాఫీ తోటలకి పోతారు. ఒక కొడుకు జబ్బుచేసి చనిపోతాడు, ఒకడు క్రైస్తవంలోకి పోతాడు, చిన్నవాడు నీళ్లలో మునిగిపోతుంటే ఒడ్డున జనం ఉండీ అంటు అని ఎవరూ పైకి లాగరు. చివరికి చోమకి మిగిలేది ఆయన దుడి, అంటే డప్పు. 1975లో బి.వి. కారంత్ దీన్ని సినిమా తీశారు. జాతీయ ఉత్తమ చిత్రం. చోమగా చేసిన ఎం.వి. వాసుదేవరావుకి జాతీయ ఉత్తమ నటుడి అవార్డు.

ఇప్పుడు డేటాబేసులో ఆ నటుడి పేరు మీద నొక్కండి. రెండేళ్ల తర్వాత "ఒక ఊరి కథ"లో వెంకయ్య కూడా ఆయనే. భూమి కోసం చచ్చేదాకా కష్టపడిన చోమ, పనే చేయనని మొండికేసిన వెంకయ్య, ఇద్దరికీ ఒకే ముఖం. ఇలాంటి సంగతి ఏ పాఠ్యపుస్తకంలోనూ మనకి చెప్పరు. రెండు నొక్కుల్లో దొరుకుతుంది.

అలాగే "సంస్కార" (1970). యు.ఆర్. అనంతమూర్తి నవల. దర్శకుడి పేరు నొక్కితే పఠాభి వస్తారు: "ఫిడేలు రాగాల డజన్" రాసిన మన నెల్లూరు కవి పఠాభిరామిరెడ్డి. సెన్సారు బోర్డు మొదట నిషేధించిన ఈ సినిమానే ఆ ఏడాది జాతీయ ఉత్తమ చిత్రమైంది. అగ్రహారంలో ఒక బ్రాహ్మణుడు చనిపోతే శవాన్ని ఎవరు తగలబెట్టాలని పండితులు శాస్త్రాలు తిరగేస్తుంటారు. ఆయనతో కలిసి బతికిన కింది కులపు ఆడమనిషి చంద్రి, రాత్రికి రాత్రి ఒక ముస్లిం సాయంతో దహనం చేసి వెళ్లిపోతుంది. నవలా సినిమా రెండూ ప్రాణేశాచార్యుల మనసులోని గందరగోళం వెంటే నడుస్తాయి. చంద్రి మనసులో ఏముందో చెప్పే నవల ఇంకా రావాలి.

ఈ రెండు నవలలూ రాసినవాళ్లు బ్రాహ్మణ కుటుంబాల్లో పుట్టినవాళ్లు. ఆ మాట తిట్టడానికి చెప్పడం లేదు. ఆ పుస్తకాలు వాళ్ల కులానికే కోపం తెప్పించాయి, "సంస్కార" మీద పెద్ద గొడవే జరిగింది. కానీ మూలం గడిలో ఎవరు ఉన్నారన్నది లెక్కలోకి రావాలి. అందుకే మీ నోటుబుక్కులో డేటాబేసు ఇవ్వని గడులు మీరే గీసుకోండి: రాసింది ఎవరు, తీసింది ఎవరు, డబ్బు ఎవరిది, కథ ఎవరిది, చివర్లో ఎవరు బతికారు, ఎవరు చచ్చారు. పది సినిమాలు నింపితే మీకే ఒక చరిత్ర కనపడుతుంది.

7. ఖాళీ గడి ఏం చెప్తుంది

ఇప్పుడు అసలు ప్రశ్న. గడి ఖాళీగా ఉంటే దాని అర్థమేంటి?

మలయాళంలో తొలి కథాచిత్రం "విగతకుమారన్". జె.సి. డేనియల్ తీశాడు. ఏడాది దగ్గరే తేడా: ఒకచోట 1928 అంటారు, ఇంకోచోట 1930. కథానాయిక పి.కె. రోజీ, పులయ స్త్రీ. తెరమీద ఆమె నాయర్ అమ్మాయిగా కనపడింది. తిరువనంతపురం థియేటర్లో పెద్ద కులాలవాళ్లు తెర మీద రాళ్లు వేశారు. ఆమె ఇల్లు తగలబెట్టారు. ఆమె తమిళనాడుకి పారిపోయి, ఇంకో జీవితంలో కలిసిపోయింది. సినిమా రీళ్లు కూడా మిగల్లేదు. ఆ సినిమాలో ఆమె ముఖాన్ని ఇప్పుడు ఎవరూ చూడలేరు.

ఎన్నో ఏళ్ల తర్వాత విను అబ్రహాం "నష్టనాయిక" అనే నవల రాశారు. దాన్నీ, చేలంగాట్ గోపాలకృష్ణన్ రాసిన డేనియల్ జీవితచరిత్రనీ ఆధారం చేసుకుని 2013లో కమల్ దర్శకత్వంలో "సెల్యులాయిడ్" వచ్చింది. అంటే రోజీ నటించిన సినిమా లేదు, కానీ ఆమె మీద రాసిన నవల ఉంది, ఆ నవలనుంచి వచ్చిన సినిమా ఉంది. మూలం గడి పట్టుకుని వెనక్కి నడిస్తేనే మనం ఆమె దాకా వెళ్లగలం. ఆ గడిలో నవల పేరు ఎక్కించినవాళ్లు ఎవరో గానీ, చరిత్రకి ఒక తలుపు తీసిపెట్టారు.

మన దగ్గరికి రండి. చిలుకూరి దేవపుత్ర "పంచమం". వేముల ఎల్లయ్య "కక్క". జి. కళ్యాణరావు "అంటరాని వసంతం". తెలుగు దళిత నవల అంటే మనం మొదట చెప్పుకునే పేర్లు. వికీడేటాలో ఈ నవలలకి నంబరు ఉందేమో చూడండి. ఇక్కడ ఒక సాంకేతిక విషయం అర్థం చేసుకోవాలి. పి144 అనే గడి ఒక వస్తువుని ఇంకో వస్తువుతో కలుపుతుంది. నవలకి నంబరు లేకపోతే, రేపు ఎవరైనా దాన్ని సినిమాగానో, నాటకంగానో, వెబ్ సిరీసుగానో తీసినా ఆ గడిలో పెట్టడానికి ఏమీ ఉండదు. యంత్రం ఖాళీ చూపిస్తుంది. చూసినవాడు "వీళ్లకి నవలలు లేవు" అనుకుంటాడు. ఊళ్లో ఇంటి నంబరు వేయకపోతే ఇల్లే లేదన్నట్టు.

ఖాళీ గడికి రెండు కారణాలు ఉండొచ్చు. ఎవరూ సినిమా తీయలేదు, లేదా ఎవరూ రాసిపెట్టలేదు. మొదటిది పరిశ్రమ కులం గురించి చెప్తుంది. రెండోది మన బద్ధకం గురించి చెప్తుంది. మొదటిదాని మీద పోరాడాలి. రెండోది ఈ వారమే సరిచేయొచ్చు.

8. ఈ వారం పని

యద్దనపూడి, కోడూరి కౌసల్యాదేవి, యండమూరి నవలలు సినిమాలైతే మన అమ్మలకి, అక్కలకి కూడా తెలుసు. "ప్రేమనగర్", "సెక్రటరీ", "అభిలాష" అనగానే రచయిత పేరు చెప్పేస్తారు. వారపత్రికలు, పోస్టర్లు, పాటల పుస్తకాలు ఆ పేర్లని మోశాయి. మన రచయితల పేర్లు మోయడానికి మనమే ఉన్నాం. కాబట్టి:

ఒకటి. ఐదుగురు కలిసి ఒక గుంపుగా ఏర్పడండి. ఒక్కొక్కరు ఒక దళిత నవల తీసుకోండి. తెలుగే కానక్కర్లేదు.

రెండు. వికీడేటాలో దానికి పేజీ లేకపోతే తెరవండి. పేరు తెలుగు లిపిలో, రచయిత, ప్రచురించిన సంవత్సరం, ప్రచురణకర్త. పుస్తకం లోపలి పేజీ చూసే రాయండి, ఎవరో చెప్పారని రాయొద్దు. ప్రతిదానికీ ఆధారం తగిలించండి. ఆధారం లేనిది ఇంకొకరు తీసేస్తారు, తీసేయడం న్యాయం కూడా.

మూడు. ఒక పాత సినిమా తీసుకోండి. యూట్యూబులో మొదటి మూడు నిమిషాలు చూడండి. టైటిల్ కార్డుల్లో "కథ", "మూలకథ", "నవల" అని వచ్చినచోట ఆపి స్క్రీన్‌షాట్ తీయండి. డేటాబేసులో ఉన్నదానితో పోల్చండి. తేడా ఉంటే తెరమీద ఉన్నదే ముందు లెక్క. మీ తాతల పెట్టెల్లో పాత సినిమా పాటల పుస్తకాలుంటే అవి ఇంకా మంచి సాక్ష్యం. కథ ఎవరిదో వాటిమీద అచ్చువేసేవాళ్లు.

నాలుగు. రీమేక్ ఏదైనా కనపడితే మెట్లు దిగండి. "నారప్ప" నుంచి "వెక్కై" దాకా దారి ఉందో లేదో ఈ రాత్రే చూడండి. లేకపోతే వేయండి.

ఐదు. సినిమా చూసి ఊరుకోవద్దు, నవల చదవండి. లైబ్రరీలో లేకపోతే తెప్పించమని అర్జీ పెట్టండి. నవల చదవనివాడు డేటాబేసు నింపితే అది గుమాస్తా పనే అవుతుంది.

మీ గుంపు నింపిన పట్టికలు కామెంట్లలో పెట్టండి. నేను రాసినదాంట్లో మీకు దొరికిన ఆధారానికి విరుద్ధంగా ఏమైనా ఉంటే ఆధారం పెట్టి అడగండి. వచ్చే భాగంలో పాటల గురించి: కట్టినవాళ్ల పేర్లు లేకుండా సినిమాల్లోకి పోయిన మన పాటలని ఎలా వెతకాలి.

చదవండి, వెతకండి, రాసిపెట్టండి.

జై భీమ్.